బెల్ట్ సాండర్ వల్ల బల్లపై గుంటలు పడుతుంటే

పెద్ద బల్లను బెల్ట్ సాండర్‌తో (గరుకు పట్టీ తిరుగుతూ చెక్కను అరగదీసే యంత్రంతో) నునుపు చేస్తుంటే అక్కడక్కడ గుంటలు పడుతున్నాయని, ఒకసారి ప్లగ్ పెట్టగానే యంత్రం ముందుకు దూకిందని రాశారు. రెండోది ప్రమాదకరం కాబట్టి ముందు దాని సంగతి చెబుతాను: స్విచ్‌ను ఆన్‌లోనే పట్టి ఉంచే లాక్ పడి ఉండగా ప్లగ్ పెడితే అలాగే జరుగుతుంది, కనుక ప్రతిసారీ లాక్ వదిలి ఉందో లేదో చూసుకోండి.

ఇక గుంటలకు కారణం సాధారణంగా యంత్రాన్ని ఒకేచోట నిలపడమో, చేత్తో నొక్కడమో అయివుంటుంది. బెల్టు పూర్తి వేగం అందుకున్నాక, రెండు చేతులతో పట్టుకుని, కదుపుతూనే చదునుగా దించి, కదుపుతూనే పైకెత్తండి. దాని బరువే చాలు. బల్లంతా పెన్సిల్‌తో పలుచగా అడ్డగీతలు గీసి, 80 గ్రిట్ (గరుకుదనం కొలత) బెల్టుతో చెక్క నారల వెంబడి, ప్రతి వరుసా ముందటి దానిపై సగం పడేలా నడిపితే, ఎక్కడ ఇంకా తాకలేదో మిగిలిన గీతలే చూపిస్తాయి. దుమ్ముకు మాస్కు, రక్షణ కళ్లద్దాలు తప్పనిసరి.