జెనరిక్ రిపోజిటరీలో జేసన్ చదివితే నా క్లాసుకు బదులు మ్యాప్ ఎందుకు వస్తోంది?

‘లింక్‌డ్‌ట్రీమ్యాప్‌ను ఇన్‌వాయిస్‌గా మార్చలేం’ అన్న మీ ఎర్రర్ చదవగానే విషయం తెలిసిపోయింది. మీ జేసన్ ఫైలు, అంటే రికార్డులను అక్షరాల్లో రాసి దాచిన ఫైలు, శుభ్రంగానే ఉంది. లోపం జెనరిక్ రిపోజిటరీలో, అంటే ఏ రకం రికార్డుకైనా పనికొచ్చేలా టి అనే ఖాళీ పేరుతో రాసిన క్లాసులో, ఉన్న టైప్‌టోకెన్<లిస్ట్<టి>> దగ్గర ఉంది. 2004లో జావా 5తో జెనరిక్స్ వచ్చినప్పటి నుంచీ, పాత కోడుతో పొసగడం కోసం కంపైలర్ ఆ టి స్థానంలో ఏ క్లాసు ఉందో చెరిపేస్తోంది. ప్రోగ్రామ్ నడిచేటప్పుడు, జేసన్‌ను చదివిపెట్టే జీసన్ లైబ్రరీకి ఆ సంగతి చెప్పేవారు లేరు. అందుకే 2.11 కంటే పాత జీసన్ అయితే ప్రతి వస్తువునూ మ్యాప్‌గా (పేరు-విలువ జతలుగా), ప్రతి అంకెనూ డబుల్‌గా (దశాంశ సంఖ్యగా) చదివి ఊరుకుంటుంది.

భీమవరం దగ్గర రొయ్యలు కొనే ఒక కేంద్రానికి నేను సాఫ్ట్‌వేర్ చూస్తుంటాను. అక్కడ ధర కౌంటును బట్టి ఉంటుంది. కిలోకు నలభై రొయ్యలు తూగితే 40 కౌంటు. నాకు ముందు పనిచేసినవారు రాసిన రిపోజిటరీ మీదే జాబితా తెర నడిచేది. తెరను చూపించే జేఎస్‌పీ పేజీకి మ్యాప్ ఇచ్చినా, క్లాసు ఇచ్చినా ఒకటే కాబట్టి అన్నీ సక్రమంగా కనిపించేవి. కౌంటు ఒక్కటే 40.0 అని పడేది. చివర సున్నాయే కదా అని ఎవరూ పట్టించుకోలేదు. ఆ తర్వాత బిల్లు కోడునూ అదే రిపోజిటరీకి మార్చారు. తెల్లవారుజామున పట్టుబడి వచ్చింది. ట్రేలలో ఐసు కరుగుతోంది, లారీ బయలుదేరాలి, బిల్లు నొక్కితే, ఒక రకాన్ని మరో రకంగా మార్చలేనంటూ క్లాస్‌కాస్ట్ ఎక్సెప్షన్! రైతులను నిలబెట్టి లెక్కంతా కాగితం మీద రాయాల్సి వచ్చింది.

పూర్ణాంకం పక్కన దశాంశం కనిపించిందంటే మీ క్లాసు అసలు రంగంలోకి దిగలేదని అర్థం. మీ తెర మీద కూడా ఒకసారి చూడండి.

కన్‌స్ట్రక్టర్‌లో క్లాస్<టి> తీసుకోండి. టైప్‌టోకెన్.గెట్‌పారామీటరైజ్డ్‌కు లిస్ట్.క్లాస్‌తో పాటు దాన్నీ ఇచ్చి, వచ్చిన టైపును ఫ్రమ్‌జేసన్‌కు అందించండి. ‘జాక్సన్ అనే మరో జేసన్ లైబ్రరీకి మారిపోండి’ అనే సలహాలు వింటే నాకు ఒళ్లు మండుతుంది. అక్కడా టైప్‌రెఫరెన్స్<లిస్ట్<టి>> అని రాస్తే ఇదే గతి.

అసలు మూడు రకాల రికార్డులున్న చిన్న దుకాణానికి జెనరిక్ రిపోజిటరీ ఎందుకో నాకు అర్థం కాదు. పాఠాల్లో చూసి అందరూ అదే ఎత్తి రాస్తున్నారు. మూడు మామూలు క్లాసులు రాస్తే ఏ కొత్తవారైనా చదివి బాగుచేయగలరు. ఏది ఎంచుకున్నా, బిల్లు కోడులో మ్యాప్.గెట్ అని రాసి మాత్రం సర్దుకోకండి. అలా చేస్తే ఇదే ఎక్సెప్షన్ రేపు స్టాకు లెక్కలోనో, రైతు ఖాతాలోనో పడుతుంది.