కావలి నుంచి కొత్త పైలట్ డౌట్: చిన్న ఎయిర్‌లైన్‌లో చేరాలంటే 5 ఏళ్ళ బాండ్, నాన్న ష్యూరిటీ అడుగుతున్నారు, సంతకం పెట్టొచ్చా?

ప్రశ్న: నమస్తే మేడం. మాది కావలి దగ్గర పల్లె, నాన్న రొయ్యల చెరువులు చేస్తారు. నాకు సీపీఎల్ (కమర్షియల్ పైలట్ లైసెన్స్) వచ్చి ఏడాదిన్నర దాటింది, ఎడ్యుకేషన్ లోన్ ఈఎంఐ కూడా మొదలైంది, పెద్ద కంపెనీల నుంచి పిలుపు రాలేదు. ఇప్పుడు ఒక చిన్న రీజినల్ ఎయిర్‌లైన్ ఏటీఆర్ (చిన్న రూట్లలో తిరిగే ప్రొపెల్లర్ విమానం) మీద ఫస్ట్ ఆఫీసర్‌గా (కో-పైలట్‌గా) తీసుకుంటాం అంటోంది. టైప్ రేటింగ్ (ఒక రకం విమానం నడపటానికి చేసే ప్రత్యేక శిక్షణ) ఖర్చు వాళ్ళదే, కానీ 5 ఏళ్ళ బాండ్, మధ్యలో మానేస్తే 35 లక్షలు కట్టాలి, నాన్న ష్యూరిటీ సంతకం, నాన్నవి 3 ఖాళీ చెక్కులు, నా టెన్త్ ఇంటర్ ఒరిజినల్స్ అడుగుతున్నారు. ఇంకో చోట ఒక కన్సల్టెంట్, మేమే 20 లక్షలు కట్టి ఏ320 (పెద్ద జెట్ విమానం) టైప్ రేటింగ్ చేసుకుంటే పెద్ద కంపెనీలో ఖాళీ వచ్చినప్పుడు పిలిపిస్తానంటున్నాడు. బాండ్లు కోర్టులో చెల్లవు, కళ్ళు మూసుకుని సంతకం పెట్టెయ్ అని సీనియర్లు చెప్తున్నారు. బాండ్ డ్రాఫ్ట్ కూడా జతచేశాను. ఏది మంచిది?

జవాబు: తల్లీ, ముందు ఆ సీనియర్ల మాట పక్కన పెట్టు. బాండ్లు చెల్లవు అనేది సగం నిజం కూడా కాదు. 1872 కాంట్రాక్ట్ చట్టం సెక్షన్ 27 ప్రకారం ఒక మనిషిని తన వృత్తి చేసుకోకుండా ఆపే ఒప్పందం చెల్లదు, అది పట్టుకునే అందరూ అట్లా మాట్లాడతా ఉంటారు. కానీ ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళకి పెట్టిన షరతు వేరు, ఉద్యోగం మానేశాక వేరే చోట చేరొద్దు అనే షరతు వేరు. 2025 మే 14న సుప్రీంకోర్టు విజయా బ్యాంక్ కేసులో ఇదే తేల్చింది. ఆ కేసులో ఒక ఆఫీసర్ 3 ఏళ్ళు చెయ్యాల్సింది మధ్యలో మానేసి వేరే బ్యాంక్‌కి పోయాడు, బాండ్ ప్రకారం 2 లక్షలు కట్టి తర్వాత అది వెనక్కి ఇప్పించమని కోర్టుకెళ్ళాడు, హైకోర్టులో గెలిచాడు, సుప్రీంకోర్టులో ఓడిపోయాడు. కాబట్టి నువ్వు సంతకం పెట్టే బాండ్ చెల్లుతుంది అనుకునే పెట్టాలి.

అట్లాగని 35 లక్షలు అని రాసుకున్నంత మాత్రాన 35 లక్షలూ వాళ్ళ చేతిలో పడవు. సెక్షన్ 74 ఏం చెప్తుందంటే, ఒప్పందంలో రాసిన మొత్తం పైన గీసిన గీత లాంటిది, దానికి లోపల న్యాయంగా ఎంత పరిహారం ఇవ్వాలో అంతే ఇప్పిస్తారు. ఉదాహరణకి నీ ట్రైనింగ్‌కి కంపెనీకి నిజంగా 20 లక్షలు అయింది, నువ్వు 5 ఏళ్ళలో 3 ఏళ్ళు చేశావు అనుకో, మిగిలిన 2 ఏళ్ళకి లెక్క 8 లక్షలు అని మనం గట్టిగా వాదించొచ్చు. కానీ ఈ వాదన నిలబడాలంటే అసలు ఖర్చెంతో తెలియాలి కదా, అక్కడే నువ్వు పంపిన డ్రాఫ్ట్‌లో ఒక లైన్ నాకు అస్సలు నచ్చలా. 'శిక్షణ ఖర్చు విషయంలో కంపెనీ ఇచ్చే సర్టిఫికెట్టే తుది సాక్ష్యం' అని ఒక క్లాజ్‌లో చివరి వాక్యంగా పెట్టారు. అంటే వాళ్ళు ఎంత రాసుకుంటే అంత ఖర్చు అయినట్టు నువ్వు ముందే ఒప్పుకుంటున్నావు. ఇది తీసేయించు, లేదంటే సిమ్యులేటర్ బిల్లులు, ట్రైనింగ్ సంస్థ ఇన్వాయిస్‌లు జతచేసిన లెక్క ప్రకారమే అని మార్పించు.

ఇంకో సంగతి. బాండ్ వేరు, నోటీస్ పీరియడ్ వేరు, ఈ రెండిట్నీ కలిపేసుకుని చాలామంది ఇరుక్కుంటున్నారు. 2017లో విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ తెచ్చిన నిబంధన ప్రకారం ఫస్ట్ ఆఫీసర్ మానెయ్యాలంటే 6 నెలలు, కమాండర్ (కెప్టెన్) అయితే ఏడాది నోటీస్ ఇవ్వాలి. కంపెనీ ముందే రాజీనామా ఒప్పుకుని ఎన్ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) ఇస్తే తగ్గుతుంది, అంతే. బాండ్ డబ్బు మొత్తం కట్టేశాను కదా రేపట్నుంచి రాను అంటే కుదరదు. 2023లో ఆకాశ ఎయిర్ నుంచి కొంతమంది పైలట్లు నోటీస్ లేకుండా వెళ్ళిపోతే కంపెనీ వాళ్ళ మీద బాంబే హైకోర్టుకి వెళ్ళింది, డీజీసీఏ చర్య తీసుకోవాలని ఢిల్లీ హైకోర్టుకి కూడా వెళ్ళింది, పేపర్లలో చూసే ఉంటావు. మామూలు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం లెక్కన అనుకోవద్దు, ఇక్కడ లైసెన్స్ ఇచ్చేవాళ్ళు కూడా మధ్యలో ఉంటారు. అయితే భయపడాల్సిన పని లేనిది ఒకటుంది, ఏ కోర్టూ నిన్ను బలవంతంగా ఆ కంపెనీలోనే పనిచెయ్యి అని ఆర్డర్ ఇవ్వదు, వ్యక్తి స్వయంగా చెయ్యాల్సిన పని ఒప్పందాలని అట్లా అమలు చేయించరు. వ్యవహారం ఎప్పుడూ డబ్బు దగ్గరే తేలుతుంది.

ఆ డబ్బు ఎవరి దగ్గర్నుంచి అనేదే నా అసలు బాధ. మీ నాన్న సంతకం. ష్యూరిటీ అంటే మన ఊళ్ళలో ఏదో సాక్షి సంతకం అనుకుని పెట్టేస్తారు. కాంట్రాక్ట్ చట్టం సెక్షన్ 128 ప్రకారం ష్యూరిటీ ఇచ్చినవాళ్ళ బాధ్యత అసలు బాకీదారుతో సమానం, వేరేగా రాసుకుంటే తప్ప. కంపెనీ నిన్ను అడక్కుండా నేరుగా మీ నాన్న మీదకి పోవచ్చు. ఇప్పటికే నీ ఎడ్యుకేషన్ లోన్‌కి ఆయన సంతకం ఉండే ఉంటుంది, దాని మీద ఇది ఇంకో బరువు. రొయ్యల రేటు పడిపోయిన ఏడాది, వైట్ స్పాట్ వైరస్ వచ్చి చెరువు పోయిన ఏడాది ఆ ఇంట్లో ఎట్లా ఉంటుందో నీకు నేను చెప్పక్కర్లేదు, సరిగ్గా ఆ ఏడాదే నోటీస్ వస్తే ఏం చేస్తారు? అందుకని ష్యూరిటీ లేకుండా నీ ఒక్కదాని సంతకంతో ఒప్పుకోమని అడుగు. అస్సలు కుదరదంటే 'ఈ ష్యూరిటీ ఇన్ని లక్షలకి మించదు, ప్రతి ఏడాదీ ఇంత తగ్గుతుంది' అని ఒక అంకె రాయించు. వేరేగా రాసుకుంటే తప్ప అని చట్టమే అంటోంది కాబట్టి రాయించుకునే హక్కు మనకుంది. పొలం పాస్‌బుక్, దస్తావేజులు మాత్రం ఎవరడిగినా ఇవ్వొద్దు.

ఖాళీ చెక్కులు ఇంకా ప్రమాదం. సంతకం పెట్టి ఖాళీగా ఇచ్చాం, అంకె వాళ్ళే రాసుకున్నారు అని కోర్టులో చెప్తే తప్పించుకోవచ్చు అనుకుంటారు. 2019లో సుప్రీంకోర్టు బీర్ సింగ్ కేసులో చెప్పింది, ఖాళీ చెక్కు అయినా మన ఇష్టంతో సంతకం పెట్టి ఇచ్చామంటే బాకీ ఉందనే అనుకుంటారు, లేదని మనమే నిరూపించుకోవాలి. చెక్కు బౌన్స్ అయితే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం (చెక్కుల చట్టం) సెక్షన్ 138 కింద క్రిమినల్ కేసు, 2 ఏళ్ళ దాకా జైలు గానీ చెక్కు మొత్తానికి రెట్టింపు దాకా జరిమానా గానీ, రెండూ గానీ పడొచ్చు. అంటే బాండ్ మీద డబ్బు లెక్క తేల్చుకోవాల్సిన సివిల్ గొడవ కాస్తా, 55 ఏళ్ళో 60 ఏళ్ళో ఉన్న మీ నాన్న వాయిదాల చుట్టూ తిరిగే క్రిమినల్ కేసు అయిపోతుంది. ఇవ్వకుండా ఉండటమే మంచిది. తప్పదంటే నీ అకౌంట్ చెక్కులే, ఒక్కొక్కటీ అంకె నింపి, చెక్కు నంబర్లు బాండ్‌లోనే రాయించి, ఇవి సెక్యూరిటీ కోసమే, లెక్క తేలకుండా బ్యాంకులో వెయ్యకూడదు అని ఒక వాక్యం పెట్టించి, ఫొటో తీసుకుని ఇవ్వు. ఒరిజినల్ సర్టిఫికెట్లు వాళ్ళు చూసుకుని వెనక్కి ఇచ్చేయాలి, దాచుకునే పని వాళ్ళకి లేదు, అటెస్ట్ చేసిన కాపీలు చాలు.

ఇప్పుడు చాలామంది అడగనిది, నువ్వు కూడా అడగనిది. నువ్వు మానేస్తే ఏంటని బాండ్ నిండా రాశారు, కంపెనీ ఆగిపోతే ఏంటని ఒక్క లైన్ లేదు. మనవాళ్ళకి ఇది కొత్త కాదు. విజయవాడ కేంద్రంగా 2013లో మొదలైన ఎయిర్ కోస్టా 2017 ఫిబ్రవరికి ఆగిపోయింది. హైదరాబాద్ నుంచి 2015లో మొదలైన ట్రూజెట్, మన కడపకి కూడా ఏటీఆర్లు నడిపింది, 2022 ఫిబ్రవరిలో ఆగిపోయింది. చిన్న రూట్లు చాలావరకు ఉడాన్ స్కీమ్ మీద నడుస్తాయి, అందులో ప్రభుత్వం ఇచ్చే సబ్సిడీ ఒక రూట్‌కి 3 ఏళ్ళు. నీ బాండ్ 5 ఏళ్ళు. ఆ సబ్సిడీ అయిపోయాక ఆ రూట్ నిలబడుతుందో లేదో ఎవరూ గ్యారంటీ ఇవ్వలేరు. విమానాలు ఆగితే జీతం ఒక్కటే పోదమ్మా, ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ (బయట కనపడకపోయినా పరికరాలు చూసి నడిపే అర్హత) గడువు ఏడాదే, సిమ్యులేటర్ చెక్‌లు దాటిపోతాయి, అవన్నీ మళ్ళీ నీ సొంత డబ్బుతో చేయించుకోవాలి. పైగా కంపెనీ దివాలా ప్రక్రియలోకి పోతే దాని మీద దావా వెయ్యటానికి కూడా వీలుండదు, క్లెయిమ్ పెట్టుకుని లైన్‌లో నిలబడాలి. జెట్ ఎయిర్‌వేస్ 2019 ఏప్రిల్‌లో ఆగితే లిక్విడేషన్‌కి (ఆస్తులు అమ్మి మూసేయటానికి) పంపుతూ సుప్రీంకోర్టు ఆర్డర్ ఇచ్చింది 2024 నవంబర్‌లో.

అందుకని ఈ వాక్యం కచ్చితంగా పెట్టించు: వరుసగా 2 నెలలు జీతం రాకపోయినా, కంపెనీ విమానాలు 60 రోజులు ఆగినా, నిన్ను వాళ్ళే తీసేసినా బాండ్, ష్యూరిటీ, చెక్కులు అన్నీ రద్దు, ఎన్ఓసీ వెంటనే ఇవ్వాలి. ఇది లేకపోయినా కాంట్రాక్ట్ చట్టం సెక్షన్ 39 ప్రకారం అవతలివాళ్ళు తమ మాట పూర్తిగా తప్పితే మనం ఒప్పందం ముగించొచ్చు అని వాదించొచ్చు, కానీ వాదించటం వేరు, కాగితం మీద ఉండటం వేరు.

కంపెనీ పరిస్థితి ఎట్లా ఉందో తెలుసుకోటానికి ఎవర్నీ బతిమాలక్కర్లేదు. ఈపీఎఫ్ఓ వెబ్‌సైట్‌లో ఎస్టాబ్లిష్‌మెంట్ సెర్చ్ అని ఉంటుంది, అందులో కంపెనీ పేరు కొడితే నెలనెలా ఎంతమందికి పీఎఫ్ కట్టారో, ఏ తేదీన కట్టారో వస్తుంది. ప్రతి నెల పీఎఫ్ తర్వాతి నెల 15 లోపల కట్టాలి. ఒక ఏడాది వెనక్కి పోయి చూడు, తేదీలు 15 దాటి 28, ఆ తర్వాత ఇంకో నెలలోకి జారతా ఉన్నాయంటే, ఉద్యోగుల సంఖ్య తగ్గతా ఉందంటే, ఇంటర్వ్యూలో వాళ్ళు ఎంత బాగా మాట్లాడినా నమ్మొద్దు. కార్పొరేట్ వ్యవహారాల శాఖ సైట్‌లో 100 రూపాయలు కడితే బ్యాలెన్స్ షీట్లు కూడా చూడొచ్చు, మీ ఊళ్ళో ఏ ఆడిటర్‌ని అడిగినా అరగంటలో చదివి చెప్తారు. ఎన్ని ఏటీఆర్లు ఉన్నాయి, అందులో నిజంగా ఎగిరేవి ఎన్ని అని అక్కడ పనిచేస్తున్న ఫస్ట్ ఆఫీసర్‌నే అడుగు, నెలకి ఎన్ని గంటలు వస్తున్నాయో కూడా అడుగు, ఏటీపీఎల్‌కి (కెప్టెన్ అవ్వటానికి కావాల్సిన లైసెన్స్‌కి) 1500 గంటలు కావాలి కాబట్టి గంటలు రాని ఉద్యోగంలో 5 ఏళ్ళు కట్టేసుకోవటం దండగ.

రెండో దారి గురించి పెద్దగా చెప్పేదేం లేదు. ఖాళీ వస్తే పిలిపిస్తా అనేది చట్టం దృష్టిలో ఒప్పందమే కాదు, ఎప్పుడు, ఎవరు, ఏ జీతానికి అని ఏదీ తేలని మాట కాంట్రాక్ట్ చట్టం సెక్షన్ 29 కింద చెల్లదు. 20 లక్షలు పోతే వెనక్కి రాబట్టుకోటానికి నీ చేతిలో ఏం ఉంటుంది? టైప్ రేటింగ్ చేసుకుని ఖాళీగా కూర్చుంటే దానికీ గడువులు దాటతా ఉంటాయి. డబ్బు ఎయిర్‌లైన్‌కో, డీజీసీఏ అనుమతి ఉన్న ట్రైనింగ్ సంస్థకో కాకుండా మధ్యలో మనిషి అకౌంట్‌లో వెయ్యమంటే అసలు కట్టొద్దు.

మరి ఏది అంటే, నేను మొదటిదే అంటా. ఏటీఆర్ అని చిన్నచూపు అక్కర్లేదు, అక్కడ గంటలు వస్తాయి, జీతం వస్తుంది, ఖర్చు కంపెనీది. 5 ఏళ్ళు కాస్తా 3 చెయ్యమని అడుగు, ఒప్పుకోకపోతే ఏడాదికేడాది తగ్గే బాండ్ అడుగు. పీఎఫ్ తేదీలు బాగుండి, పైన చెప్పిన జీతం వాక్యం పెట్టి, మీ నాన్న బాధ్యతకి ఒక హద్దు రాస్తే చేరిపో. ఈ మూడింట్లో ఏ ఒక్కటి కుదరకపోయినా ఇంకో ఆరు నెలలు ఆగటమే మేలు, ఈఎంఐ కష్టమే, అయినా ఆగు.

డ్రాఫ్ట్‌లో గొడవలన్నీ గురుగ్రామ్‌లోనే, ఆర్బిట్రేటర్‌ని (కోర్టు బయట గొడవ తేల్చే మధ్యవర్తిని) కంపెనీయే పెడుతుంది అని కూడా ఉంది. ఊరి సంగతి మనం పెద్దగా మార్చలేం, ఉద్యోగ ఒప్పందాల్లో అట్లా ఒకే చోట కోర్టు అని రాసుకున్నా చెల్లుతుందని 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పేసింది, నెల్లూరులో కేసు వేస్తాం అంటే కుదరకపోవచ్చు. కానీ ఆర్బిట్రేటర్‌ని ఒక పక్షమే తన ఇష్టం వచ్చినట్టు పెట్టటం కుదరదు, అది పెర్కిన్స్ ఈస్ట్‌మన్ కేసు నుంచీ చెప్తానే ఉన్నారు, కాబట్టి ఇద్దరి ఒప్పుదలతో అని మార్చమను.

ఈ మార్పులన్నీ ఫోన్‌లో అడగొద్దు, హెచ్ఆర్‌కి మెయిల్ పెట్టు. ఒప్పుకున్నాం, తర్వాత చూస్తాం అని నోటితో అంటే దాన్ని కూడా మెయిల్‌లో పెట్టి కన్ఫర్మ్ చెయ్యమని అడుగు. సవరించిన డ్రాఫ్ట్ వచ్చాక మీ నాన్నకి ప్రతి పేజీ తెలుగులో చదివి వినిపించి, ఆయన సరే అన్నాకే స్టాంప్ పేపర్ కొనండి.