గోదాంలో టెక్నో నలుగురికీ తెలియాలా? నల్గొండ డిగ్రీ విద్యార్థి ప్రశ్నకు జవాబు

ప్రశ్న: మేడమ్, నేను నల్గొండలో బీఎస్సీ ఎంపీసీఎస్ రెండో సంవత్సరం చదువుతున్నాను. మేం అయిదుగురు దోస్తులం ఏడాదిన్నరగా టెక్నో, హౌస్ మ్యూజిక్ (యంత్రాలతో చేసే డాన్స్ సంగీతం) చేస్తున్నాం. దేవరకొండ రోడ్డులో మావాడి టెంట్ హౌస్ గోదాం ఉంది. నెలకు రెండు ఆదివారాలు సాయంత్రం అక్కడ వాయిస్తాం. టికెట్ లేదు. ముప్పై, నలభై మంది వస్తారు. ఎవరూ వీడియోలు తియ్యరు కాబట్టి అమ్మాయిలు కూడా ఏడెనిమిది మంది వస్తారు. ఇప్పుడు హైదరాబాద్ నుంచి ఒక ఈవెంట్ ఆర్గనైజర్ వచ్చి, డిసెంబర్ 31 రాత్రి బైపాస్ మీద ఫంక్షన్ హాల్లో 600 మందితో ప్రోగ్రాం పెడదాం, 20 వేలు అడ్వాన్స్ ఇస్తానంటున్నాడు. మధ్యమధ్యలో సినిమా పాటల రీమిక్సులు వెయ్యాలట. మాలో ఇద్దరు ‘పాపులర్ అయితే ఇది చెడిపోతుంది, వద్దు’ అంటున్నారు. ఇంకో ఇద్దరు ‘ఎన్నాళ్లు గోదాంలో ఉంటాం’ అంటున్నారు. మా నాయిన డిగ్రీ కాగానే బీఈడీ చెయ్యమంటున్నాడు. డీజే అంటే పబ్బులు, డ్రగ్స్ అని ఆయన భయం. ఈ సంగీతం పెరగాలా, ఇలాగే ఉండాలా? దీన్నే కెరీర్‌గా తీసుకోవచ్చా?

జవాబు: తమ్ముడూ, వద్దంటున్న నీ ఇద్దరు దోస్తుల మాట కొట్టిపారేయకు. వాళ్ల భయం ఊరికే పుట్టింది కాదు. ఈ సంగీతం పుట్టిన చోటే దానికి ఆధారం ఉంది. 1977లో చికాగోలో వేర్‌హౌస్ అనే క్లబ్ మొదలైంది. అక్కడ రికార్డులు వేసింది ఫ్రాంకీ నకల్స్. వచ్చేవాళ్లలో ఎక్కువమంది నల్లజాతి, లాటినో గే యువకులు. మిగతా చోట్ల వాళ్లను తేడాగా చూసేవారు, ఇక్కడ ఎవరూ చూసేవారు కాదు. అదే సమయంలో బయట డిస్కో మంచి ఊపు మీద ఉంది. రేడియో పెడితే అదే, సినిమాకు వెళ్తే అదే. జనానికి మొహం మొత్తింది. 1979 జులై 12న అదే చికాగోలో, కొమిస్కీ పార్క్ బేస్‌బాల్ మైదానంలో, రెండు ఆటల మధ్య విరామంలో ఒక పెట్టె నిండా డిస్కో రికార్డులు పెట్టి పేల్చేశారు. వేలమంది మైదానంలోకి దూకారు, రెండో ఆట జరగనే లేదు. ఆ కోపంలో సంగీతం మీద విసుగుతో పాటు నల్లవాళ్ల మీద, గేల మీద ద్వేషం కూడా ఉందని తర్వాత చాలామంది రాశారు. డిస్కోను నెత్తిన పెట్టుకున్న కంపెనీలే దాన్ని వదిలేశాయి. వేర్‌హౌస్‌లో మాత్రం డాన్స్ ఆగలేదు. పాత రికార్డులను కత్తిరించి, సాగదీసి, కింద డ్రమ్ మెషీన్ దెబ్బ కలిపి నకల్స్, ఆ ఊరి కుర్రాళ్లు చేసిందే నువ్విప్పుడు వాయిస్తున్న హౌస్.

జనం వచ్చారు, పోయారు. ఆ గది మిగిలింది కాబట్టే తర్వాతి సంగీతం పుట్టింది.

నీ ఉత్తరంలో నేను రెండుసార్లు చదివిన వాక్యం అమ్మాయిల గురించి రాసినది. నలుగురిలో డాన్స్ చేసి, ఆ వీడియో రాత్రికి ఎవరి వాట్సాప్ స్టేటస్‌లో తేలుతుందోనన్న టెన్షన్ లేకుండా ఒక అమ్మాయి ఇంటికి వెళ్లగలిగే చోట్లు మన జిల్లాలో ఎన్ని ఉన్నాయి? సొంత అన్న పెళ్లి బరాత్‌లో కూడా వాళ్లకు ఆ నిశ్చింత లేదు. మీరు అయిదుగురు, బహుశా అనుకోకుండానే, అలాంటి చోటు ఒకటి తయారు చేశారు. మీ ట్రాకుల కన్నా దీనికే నేను ఎక్కువ విలువ ఇస్తాను. అందుకని ‘పెరగాలా వద్దా’ అన్న ప్రశ్న వచ్చిన ప్రతిసారీ దీంతో కొలిచి చూడు: మేం వేసే ఈ అడుగు తర్వాత ఆ ఏడెనిమిది మంది వస్తారా, మానేస్తారా? డిసెంబర్ 31 రాత్రి, మందు తాగిన 600 మంది ఉన్న ఫంక్షన్ హాల్‌కి వాళ్లు రారు. వాళ్ల ఇళ్లలో పంపరు కూడా. కాబట్టి ఆ ఆఫర్ ఇప్పుడున్న రూపంలో వద్దని నా అభిప్రాయం.

అయితే గోదాం తలుపు మూసేసుకోమని కాదు. ముంబైలో చరణ్‌జిత్ సింగ్ అని హిందీ సినిమా పాటలకు వాయించే కళాకారుడు ఉండేవారు. 1982లో ఆయన రోలాండ్ కంపెనీ టీబీ-303 యంత్రం, టీఆర్-808 డ్రమ్ మెషీన్ ముందు పెట్టుకుని పది రాగాలను డిస్కో దెబ్బ మీద వాయించి రికార్డు తెచ్చారు. 303 అసలు బేస్ గిటార్‌కు బదులుగా తయారైన చిన్న పెట్టె. సరిగా అమ్ముడుపోక 1984లో కంపెనీ దాన్ని ఆపేసింది. 1987లో చికాగో కుర్రాళ్లు అదే పెట్టె మీద నాబ్‌లు అటూ ఇటూ తిప్పుతూ పుట్టించిన జరజర మోత యాసిడ్ హౌస్ అనే కొత్త రకం హౌస్ అయింది, ఇంగ్లండ్ దాకా ఊపేసింది. చరణ్‌జిత్ సింగ్ రికార్డు వింటే, ఆ మోత అయిదేళ్ల ముందే మన రాగాల్లో మోగుతూ వినిపిస్తుంది! కానీ అప్పుడు ఆ రికార్డును ఎవరూ పట్టించుకోలేదు. 2010లో విదేశాల్లో మళ్లీ విడుదలైతే గానీ ప్రపంచానికి తెలియలేదు. అప్పటికి ఆయనకు డెబ్భై ఏళ్లు. 2015లో పోయారు. ఆ రోజుల్లో ఆయన పక్కన కూర్చుని ఆ పెట్టె తిప్పడం నేర్చుకున్న కుర్రాళ్లు నలుగురు ఉండి ఉంటే ఏమయ్యేదో అని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది. వద్దంటున్న ఆ ఇద్దరు దోస్తులకు ఈ కథ చెప్పు. ఎవరికీ తెలియకుండా ఉండటం వల్ల ఆయన సంగీతం స్వచ్ఛంగా మిగిలిందేమో గానీ, ఇక్కడ దానికి వారసులు లేకుండా పోయారు. పైగా మీ అయిదుగురికీ ఈ సంగీతం ఎవరో ఒకరు లింక్ పంపితేనే కదా తెలిసింది.

నా మాట ఇది: పెరగాలి. అయితే ఒక రాత్రికి వచ్చే జనం సంఖ్య మీద దృష్టి పెట్టకండి. వాయించేవాళ్లు పెరగాలి, ఇలాంటి గోదాములు పెరగాలి. మీ దగ్గరికి వచ్చే నలభై మందిలో మిర్యాలగూడ నుంచో, సూర్యాపేట నుంచో బస్సెక్కి వచ్చేవాళ్లు ఉండే ఉంటారు. వాళ్లకు వాయించడం నేర్పండి. గోదాంలో మొదటి గంట ల్యాప్‌టాప్ తెరిచి, ట్రాక్ ఎలా కట్టారో ముక్కముక్కగా విప్పి చూపించండి. అడిగిన అమ్మాయికి కంట్రోలర్ (పాటలు కలిపి వాయించే పెట్టె) ఇచ్చి నిలబెట్టండి. ఏడాదిలో మిర్యాలగూడలో ఒకటి, పాలమూరులో ఒకటి మొదలైతే అదే మీ ఎదుగుదల. బెర్లిన్‌లో బెర్గాయిన్ అనే క్లబ్ 2004 నుంచి నడుస్తోంది. ప్రపంచమంతా తెలిసిన క్లబ్ అది. అయినా లోపలికి వెళ్లేటప్పుడు ఫోన్ కెమెరా మీద స్టిక్కర్ అంటించి పంపుతారు, ఫొటోలు తియ్యనివ్వరు. 2016లో అక్కడి కోర్టు ఆ క్లబ్‌లో జరిగేది సాంస్కృతిక కార్యక్రమమేనని ఒప్పుకుని పన్ను తగ్గించింది. 2024 మార్చిలో జర్మనీ బెర్లిన్ టెక్నోను తమ దేశ సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. ఎంత పేరొచ్చినా స్టిక్కర్ నియమం వదల్లేదు వాళ్లు. మీరూ క్లాక్ టవర్ దగ్గర స్టేషనరీ షాపులో గుండ్రటి స్టిక్కర్ల షీట్లు తెచ్చి తలుపు దగ్గర పెట్టుకోండి. ఇప్పుడు మర్యాద కొద్దీ వీడియో తియ్యడం లేదు. వందమంది అయితే మర్యాద సరిపోదు, నియమం కావాలి.

ఇంకో సంగతి. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు బయట లౌడ్‌స్పీకర్లు పెట్టకూడదన్నది 2000 నాటి శబ్ద కాలుష్య నియమం. ఇళ్ల మధ్య పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45 దాటకూడదు. గోదాంకు రేకుల కప్పు అయితే బేస్ మొత్తం బయటికే పోతుంది. చుట్టుపక్కల ముసలివాళ్లుంటే ముందే వెళ్లి మాట్లాడి, తొమ్మిదిన్నరకల్లా ఆపేయండి. పోలీసులకు ఒక్క ఫిర్యాదు వెళ్లిందంటే మీ నాయిన భయం నిజమవుతుంది.

ఇక కెరీర్. మన నాగర్‌కర్నూల్ జిల్లా పన్నెండు మెట్ల కిన్నెర కళాకారుడు దర్శనం మొగులయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చింది. పెద్ద సినిమాలో పాడారు, ఊరూరా తెలిశారు. అయినా 2024లో ఆయన కూలిపనికి వెళ్తున్నారని వార్తలు చూసి చాలామందిమి బాధపడ్డాం. పేరు వేరు, నెలనెలా ఇంటికి వచ్చే డబ్బు వేరు. అందుకే నీకు తిండి పెట్టే బాధ్యత ఆ గోదాం మీద వెయ్యొద్దంటాను. ఆదివారం వాయించే ప్రోగ్రాం మీదే కరెంటు బిల్లు ఆధారపడిన రోజు, ఆర్గనైజర్ ఏ రీమిక్స్ అడిగితే అది వెయ్యక తప్పదు. జీతం వేరే చోటు నుంచి వస్తే గోదాంలో నీకు నచ్చింది వాయించవచ్చు.

ఆ జీతం ఎక్కడి నుంచి అంటే, నీ చేతిలో ఉన్న విద్య నుంచే. మీవాడి టెంట్ హౌస్ ఉంది కదా, వచ్చే పెళ్లిళ్ల సీజన్‌లో వాళ్ల సౌండ్ ఆపరేటర్‌కి అసిస్టెంట్‌గా వెళ్లు. మైక్ కూత పెట్టినప్పుడు ఏ ఫ్రీక్వెన్సీ తగ్గించాలి, గెయిన్ (మైక్ నుంచి వచ్చే శబ్దం మోతాదు) ఎక్కడ ఆపాలి, నాలుగు వందల మంది కూర్చున్న హాల్లో బేస్ బాక్సులు ఎక్కడ పెడితే వెనక వరసకు మాట స్పష్టంగా వినిపిస్తుంది, వందడుగుల కేబుల్ మెలిక పడకుండా ఎలా చుట్టాలి: ఇవి అక్కడే వస్తాయి. మూఢం వస్తే, ఆషాఢం వస్తే పని ఉండదు, ఆ నెలల సంపాదన సంగతి కూడా అక్కడే అర్థమవుతుంది. ఈ పని చెయ్యగలవో లేదో నీకే తెలిసిపోతుంది.

చదువు వైపు చూస్తే, పుణెలోని ఫిల్మ్ అండ్ టెలివిజన్ ఇన్‌స్టిట్యూట్‌లో సౌండ్ రికార్డింగ్, సౌండ్ డిజైన్ కోర్సు ఉంది. డిగ్రీ ఉండాలి, ఇంటర్‌లో ఫిజిక్స్ చదివి ఉండాలి. నువ్వు ఇంటర్ ఎంపీసీ అయితే ఆ దారి నీకు తెరిచే ఉంది. సీట్లు చాలా తక్కువ, పోటీ గట్టిగా ఉంటుంది, ఇప్పటి నుంచే సిద్ధం కావాలి. కోల్‌కతాలోని సత్యజిత్ రే ఇన్‌స్టిట్యూట్‌లోనూ ఇలాంటి కోర్సు ఉంది. ప్రభుత్వ సంస్థలు కాబట్టి ముందు వీటికి ప్రయత్నించు. లక్షలు కట్టించుకుని మూడు నెలల్లో డీజేని చేస్తామనే చోట చేరొద్దు. డీజేయింగ్ నీకు వచ్చేసింది, రానిది శబ్దశాస్త్రం. ఫిజిక్స్‌లో తరంగాల పాఠాలు మార్కుల కోసం కాకుండా అర్థమయ్యేలా చదువు. హైదరాబాద్‌లో డబ్బింగ్, మిక్సింగ్ స్టూడియోల్లో పని దొరుకుతుంది, మొదట్లో జీతం తక్కువే.

మీ ట్రాకులు బయట పెట్టుకోండి, తప్పులేదు. బ్యాండ్‌క్యాంప్ వెబ్‌సైట్‌లో అమ్మితే వాళ్లు 15 శాతం తీసుకుంటారు, పేమెంట్ ఛార్జీలు కూడా పోను మిగతాది మీదే. స్పాటిఫైలో ఏడాదికి 1000 సార్లు వినకపోతే 2024 నుంచి ఆ పాటకు పైసా రాదు. ఎవరైనా ఒగ్గుడోలు కళాకారుడి దరువు రికార్డు చేసి వాడుకుంటే ఆయన పేరు వెయ్యండి, వాటా ఎంతో కాగితం మీద రాసుకోండి. మన దగ్గర ఈ పని ఎవరూ సరిగా చెయ్యడం లేదు, మీతోనైనా మొదలు కావాలి.

నాయిన గురించి. ఆయనకు తెలిసిన డీజే అంటే నిమజ్జనంలో ట్రాక్టర్ మీద ఇంటి కిటికీలు అదిరేలా వెళ్లే బాక్సులు. 2024 అక్టోబర్‌లో హైదరాబాద్ పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో వాటిని నిషేధించారు. ఆ వార్త చూసిన తండ్రికి భయం ఉండటంలో తప్పేం లేదు. వాదించకు. ఒక ఆదివారం సాయంత్రం ఆయన్ని గోదాంకు తీసుకురా, లోపలికి మందు, సిగరెట్ రానివ్వరని కళ్లారా చూడనీ. (అలా రానివ్వకూడదని వేరే చెప్పక్కర్లేదు అనుకుంటాను.) బీఈడీ సంగతి మాత్రం ముక్కుసూటిగా మాట్లాడు. పాఠం చెప్పడం ఇష్టమైతే రెండేళ్లు నిక్షేపంగా చెయ్యి, టీచర్‌గా ఉంటూ ఆదివారాలు వాయించేవాడు కూడా ఈ సంగీతానికి కావలసినవాడే. ఇష్టం లేకుండా, నాయిన నోరు మూయించడానికి మాత్రం చేరకు.

ఆర్గనైజర్‌కు ఈ వారంలోనే జవాబు చెప్పు. అడ్వాన్స్ తీసుకోకు. ‘31 రాత్రి కుదరదు. ఇంకో ఆదివారం, సాయంత్రం అయిదు నుంచి తొమ్మిది వరకు, వంద మందికి, మందు లేకుండా, రీమిక్సులు లేకుండా అయితే కూర్చుని మాట్లాడదాం’ అని వాట్సాప్‌లో రాతపూర్వకంగా పంపు. ఒప్పుకుంటే పోలీస్ పర్మిషన్ ఎవరు తేవాలో, సౌండ్ ఖర్చు ఎవరిదో ముందే తేల్చుకోండి. జవాబు ఆలస్యం చేస్తే మీ పేర్లు పోస్టర్ మీద పడిపోతాయి, అప్పుడు కాదనడం కష్టం.