టెక్ సందేహాలు: కార్డు వివరాలు ఈమెయిల్లో పంపమంటున్నారు!

ప్రశ్న: విదేశంలోని ఒక రిసార్టులో మాకు టైమ్‌షేర్ (ఏటా కొన్ని రోజులు అక్కడ ఉండే హక్కునిచ్చే వాటా) ఉంది. ఏటా మెయింటెనెన్స్ ఫీజు కట్టాలి. ఈసారి వాళ్లు ఒక పీడీఎఫ్ ఫారం పంపారు. అందులో క్రెడిట్ కార్డు నంబరు, గడువు తేదీ, వెనకున్న సీవీవీ (మూడంకెల రహస్య సంఖ్య) రాసి, సంతకం పెట్టి, స్కాన్ తీసి ఈమెయిల్ చేయమంటున్నారు. పంపొచ్చా?

పంపకండి. ఫీజు గడువు దగ్గరపడిందంటే చాలు, ఇదే ప్రశ్న రిసార్టు పేరు మాత్రం మారి నా దగ్గరికి వస్తూనే ఉంటుంది.

ఫారం నిజంగా రిసార్టు నుంచే వచ్చిందనుకుందాం. అయినా పంపకండి. కార్డు చెల్లింపులు తీసుకునే వ్యాపారులు పాటించాల్సిన పీసీఐ డీఎస్ఎస్ అనే భద్రతా ప్రమాణం ఒకటుంది. దాని ప్రకారం, చెల్లింపుకు ఆమోదం వచ్చాక సీవీవీని ఎన్‌క్రిప్ట్ చేసి (ఇతరులు చదవలేని కోడ్‌గా మార్చి) కూడా దాచుకోకూడదు. మీ స్కాన్ మాత్రం వాళ్ల ఇన్‌బాక్సులో ఏళ్ల తరబడి పడి ఉంటుంది. మీ సెంట్ ఫోల్డర్లో ఒక కాపీ, ఫోన్‌తో తీసుంటే గ్యాలరీలో ఒకటి, బ్యాకప్ ఆన్‌లో ఉంటే క్లౌడ్‌లో మరొకటి. ఇప్పటికే పంపేసినవాళ్లు మెయిల్ డిలీట్ చేసి ఊరుకోకండి. కార్డు బ్లాక్ చేయించి కొత్తది తీసుకోండి.

నన్ను ఎక్కువగా భయపెట్టేది కార్డు నంబరు పోవడం కూడా కాదు. రిసార్టు అకౌంట్స్ వాళ్ల మెయిల్‌బాక్సులోకి చొరబడినవాడు వెంటనే ఏమీ చేయడు. తీరిగ్గా పాత బిల్లులు చదువుతాడు. ఎవరు ఎప్పుడు ఎంత కడతారో తెలుసుకుంటాడు. గడువు దగ్గర పడగానే అదే లోగోతో, మీ యూనిట్ నంబరుతో సహా, పాత మెయిల్‌కే జవాబుగా ‘మా బ్యాంకు ఖాతా మారింది, ఈసారి వైర్ ట్రాన్స్‌ఫర్ చేయండి’ అని రాస్తాడు. పంపిన చిరునామా అసలుదే కాబట్టి అందులో తప్పు వెతికినా దొరకదు. అలా నేరుగా ఖాతాలోకి వెళ్లిన డబ్బు వెనక్కి రావడం చాలా కష్టం. అదే కార్డు అయితే బ్యాంకుకు ఫిర్యాదు చేసి చార్జ్‌బ్యాక్ (కట్టిన డబ్బు వెనక్కి ఇప్పించడం) అడగొచ్చు. కార్డే వాడమనేది అందుకే, రివార్డ్ పాయింట్ల కోసం కాదు.

అవతలివాడికి మీ వివరాలన్నీ తెలుసు కదా అని నమ్మేయకండి. మెక్సికోలోని టైమ్‌షేర్ల యజమానులను నేర ముఠాలు దోచుకుంటున్న తీరుపై 2024 జులైలో అమెరికా ఖజానా శాఖ సంస్థలు, ఎఫ్‌బీఐ కలిసి హెచ్చరిక జారీ చేశాయి. ‘మీ వాటా కొనేవాళ్లున్నారు, ముందుగా పన్నులు, ఫీజులు కట్టండి’ అంటూ ఆ ముఠాలు యజమానులకు ఫోన్లు చేస్తాయి. యజమానుల వివరాలు ఆ ముఠాలకు రిసార్టుల్లోని ఇంటిదొంగల నుంచే అందుతున్నాయని ఆ హెచ్చరికలోనే ఉంది.

ఇక కట్టే పద్ధతి. మీ పాత ఒప్పంద పత్రంలోని నంబరుకు ఫోన్ చేసి, ఆన్‌లైన్ పోర్టల్ ఉందా అని అడగండి. మెయిల్లో ఉన్న నంబరుకు మాత్రం చేయొద్దు. పోర్టల్ చిరునామా మీరే టైప్ చేయండి. మీ బ్యాంకు వర్చువల్ కార్డు (ఆన్‌లైన్ చెల్లింపులకు అసలు కార్డు బదులు వాడే వేరే నంబరు) ఇస్తే, ఫీజుకు సరిపడా పరిమితి పెట్టి దాన్నే వాడండి. ‘మీ కరెన్సీలో కడతారా’ అని అడిగితే వద్దనండి, ఆ మార్పిడి రేటులో వాళ్ల లాభం కలిసి ఉంటుంది. కార్డు సేవ్ చేయమనే గడిలో ముందే టిక్ పెట్టి ఉంచుతారు, తీసేయండి. ఓటీపీ రాకుండానే డబ్బు కట్ అయిందని టెన్షన్ పడకండి, విదేశీ చెల్లింపుల్లో అది మామూలే. అంటే మీ కార్డు నంబరు తెలిసిన దొంగకూ ఓటీపీ అడ్డురాకపోవచ్చు. లావాదేవీ అలర్టులు ఆన్‌లో పెట్టుకోండి.

ఆ పోర్టళ్ల సంగతీ చెప్పాలి. స్విమ్మింగ్ పూల్ వీడియో మొదటి పేజీలో ధగధగలాడుతుంటుంది. లాగిన్‌కు రెండో అంచె ధృవీకరణ (పాస్‌వర్డ్ తర్వాత ఓటీపీ లాంటిది) మాత్రం ఉండదు. పాస్‌వర్డ్ పెట్టెలో పేస్ట్ చేయనివ్వరు. మర్చిపోయామంటే పాతదాన్నే మెయిల్లో పంపేవి కూడా ఉన్నాయి. అంటే మీ పాస్‌వర్డ్‌ను ఎవరైనా చదవగలిగేలా దాచారన్నమాట! అలాంటి మెయిల్ మీకెప్పుడైనా వచ్చిందా? అదే పాస్‌వర్డ్ ఇంకెక్కడ వాడుతున్నారో చూసుకుని, ముందు ఈమెయిల్‌కు, తర్వాత బ్యాంకుకు మార్చేయండి.