రెండు రైఫిళ్లకు ఒకే సప్రెసర్: ఏ కంపెనీది తీసుకోవాలి?

మీ దగ్గర 6.5 క్రీడ్‌మోర్ తూటా వాడే బోల్ట్ రైఫిల్ (ప్రతి తూటాకీ చేత్తో బోల్ట్ లాగాల్సింది) ఒకటి, 16 అంగుళాల బ్యారెల్ ఉన్న ఏఆర్-15 (తర్వాతి తూటా తానే ఎక్కించుకునే సెమీ ఆటోమేటిక్) ఒకటి ఉన్నాయి. టెక్సాస్‌లో పందుల వేటకి రెండింటికీ కలిపి ఒక్క సప్రెసర్ (తుపాకి మూతికి బిగించి మోత తగ్గించే పరికరం) కొనాలి, థండర్ బీస్ట్, డెడ్ ఎయిర్, సైలెన్సర్‌కో కంపెనీలలో ఏది మంచిదని అడిగారు. నా సమాధానం ముందే చెప్పేస్తాను. రెండింటి మీదా వాడేట్టయితే డెడ్ ఎయిర్ నోమాడ్-30. బోల్ట్ రైఫిల్ ఒక్కదానికే అయితే థండర్ బీస్ట్ అల్ట్రా. ఎందుకో చెబుతాను.

డాలస్‌కి ఉత్తరాన ఒక మిత్రుడి పొలంలో నేను మొదటి రెండేళ్లు సప్రెసర్ లేకుండానే కాల్చాను. రాత్రిపూట పందుల అలికిడి వినాలని ఇయర్‌ప్లగ్స్ కూడా తీసేసేవాణ్ణి. ఇప్పుడు నిశ్శబ్దంగా ఉన్న గదిలో పడుకుంటే ఎడమ చెవిలో కీచురాయి అరుస్తున్నట్టు సన్నటి మోత. అది ఇక పోదన్నారు డాక్టర్. కుడిచేతి వాటం వాళ్లకి ఎడమ చెవే గొట్టం మూతికి దగ్గరగా ఉంటుంది, దెబ్బ ముందు దానికే. మా నాన్న ప్రకాశం జిల్లాలో వేరుశనగ చేలో మంచె మీద కూర్చుని రాత్రంతా డబ్బా కొట్టి పందుల్ని తోలేవారు. చేలో పంది పడితే రైతుకి ఎలా ఉంటుందో చూసినవాణ్ణి కాబట్టి ఇక్కడ వేట మానలేదు, చెవులు కాపాడుకోవడం నేర్చుకున్నాను.

రైఫిల్ మోత సుమారు 160 నుంచి 170 డెసిబెల్స్ ఉంటుంది. మంచి సప్రెసర్ అందులోంచి 25, 30 తగ్గిస్తుంది. 140 దాటిన ఒక్క దెబ్బకే చెవి పాడవచ్చు కాబట్టి ఆ తేడా చాలా పెద్దది. అయితే తూటా ధ్వనిని మించిన వేగంతో వెళ్తూ చేసే చప్పుడుని ఏ కంపెనీ సప్రెసరూ ఆపలేదు. అందుకని అది బిగించినా ఇయర్‌మఫ్స్ తీయకండి. ఎలక్ట్రానిక్ మఫ్స్ అయితే అలికిడి కూడా వినిపిస్తుంది. కంపెనీలు వేసుకునే డెసిబెల్ అంకెల్ని పక్కపక్కన పెట్టి పోల్చొద్దు. మైకు ఎక్కడ పెట్టారు, బ్యారెల్ ఎంత పొడవు అనేదాన్నిబట్టి అవి మారిపోతాయి.

నేను 2021లో కొన్న మొదటిది పూర్తిగా టైటానియం. తేలిక, బోల్ట్ రైఫిల్ మీద అద్భుతం. థండర్ బీస్ట్ అల్ట్రా కూడా టైటానియమే, అందుకే బోల్ట్ రైఫిల్ ఒక్కదానికైతే అదన్నాను. అదే ఏఆర్-15 మీద పెట్టి, ఒక రాత్రి పందుల గుంపు మీద రెండు మ్యాగజీన్లు గబగబా ఖాళీ చేశాను. మూతి దగ్గర నిప్పురవ్వలు చిచ్చుబుడ్డిలా లేచాయి. బాగా వేడెక్కాక వేగంగా కాలిస్తే టైటానియం అరుగుతుంది, ఆ రవ్వలు అవే. పైగా గ్యాస్ వెనక్కి తన్ని కళ్లు మండిపోయాయి. బోల్ట్ రైఫిల్లో ఈ బాధ లేదు, ఎందుకంటే బోల్ట్ మనం తెరిచేదాకా మూసే ఉంటుంది. సెమీ ఆటోమేటిక్‌కి ఇదే అసలు విషయం. నోమాడ్-30ని సిఫార్సు చేయడానికి కారణమూ ఇదే: స్టీలుతో చేసింది, లోపల చోటు ఎక్కువ, గ్యాస్ వెనక్కి తక్కువ తన్నుతుంది. బరువు 14.5 ఔన్సులు. సైలెన్సర్‌కో ఒమేగా 300 కూడా దాదాపు అంతే బరువు, గట్టిదే. అది తీసుకున్నా తప్పు లేదు. గ్యాస్ ముందుకే పోవాలనుకుంటే హక్స్‌వర్క్స్ కంపెనీవి కూడా చూడండి, కానీ రెండు రైఫిళ్ల పనికి నేను నోమాడ్ దగ్గరే ఆగుతాను. ఇలాంటి 30 క్యాలిబర్ సప్రెసర్ రంధ్రం ఏఆర్-15 తూటాకి పెద్దది కాబట్టి దాని మీద మోత కాస్త ఎక్కువ వస్తుంది, పర్వాలేదు. బ్యారెల్ మూతికి మామూలుగా ఏఆర్-15లో 1/2×28 మర, క్రీడ్‌మోర్‌లో 5/8×24 మర ఉంటాయి కాబట్టి సప్రెసర్‌ని బ్యారెల్‌కి కలిపే మౌంట్లు రెండు కావాలి. వెనక వైపు హబ్ మర (చాలా కంపెనీలు వాడే ఒకే కొలత మర) ఉన్న సప్రెసర్ అయితే, ఆ మరకి సరిపోయే మౌంట్ ఏ కంపెనీదైనా పెట్టుకోవచ్చు. రైఫిల్ మార్చినప్పుడల్లా గురి మళ్లీ సరిచూసుకోండి, తూటా తగిలే చోటు జరుగుతుంది.

కాగితాల సంగతి. అమెరికాలో 1934 ఫెడరల్ చట్టం పెట్టిన 200 డాలర్ల పన్ను 2026 జనవరి 1 నుంచి సప్రెసర్లకి సున్నా అయింది. వేలిముద్రలు, ఫొటో, రిజిస్ట్రేషన్ మాత్రం అలాగే ఉన్నాయి. మీరు లేనప్పుడు మీ ఆవిడ కూడా వాడాలంటే మీ ఇద్దరి పేర్లూ ఉన్న ట్రస్ట్ పేరు మీద తీసుకోండి. మనవాళ్లలో హెచ్-1బీ మీద ఉన్నవాళ్లు ఇది చదువుతుంటే ఒక్క మాట: ఫెడరల్ చట్టం సప్రెసర్‌ని కూడా తుపాకిగానే లెక్కేస్తుంది. వేట లైసెన్స్ లాంటి కొన్ని మినహాయింపులు తప్ప ఆ వీసా మీద దగ్గర పెట్టుకోకూడదు. లాయర్‌ని అడగకుండా అడుగు వేయొద్దు. కాలిఫోర్నియా, న్యూయార్క్, న్యూజెర్సీ, ఇల్లినాయిలతో కలిపి ఎనిమిది రాష్ట్రాల్లో మామూలు పౌరులెవరికీ అనుమతి లేదు, కారులో వేసుకుని అటు వెళ్లకండి.

ఇక నన్ను ఎక్కువ బాధపెట్టింది బ్రాండ్ కాదు, మర. పాత బ్యారెల్‌కి ఒక గన్‌స్మిత్ చేత మర వేయించాను. వెంట్రుకవాసి వంకరగా వేశాడు. కంటికి ఆనలేదు. మూడో తూటాయే సప్రెసర్ లోపలి పలకని రాసుకుంటూ పోయింది. తొమ్మిది నెలలు ఎదురుచూసి తెచ్చుకున్న వస్తువు, చేతిలో పట్టుకుని అలా కూర్చుండిపోయాను. బ్యారెల్లోంచి దూర్చి చూసే సన్నటి అలైన్‌మెంట్ రాడ్ దొరుకుతుంది. రైఫిల్ ఖాళీ చేసి, సప్రెసర్ బిగించి, ఆ రాడ్ దూరిస్తే మూతి రంధ్రం మధ్యలోంచి వస్తోందో లేదో వెంటనే తెలిసిపోతుంది. ఆ ఒక్క పని అప్పుడు చేయలేదు.

మీ క్రీడ్‌మోర్‌కి మర ఫ్యాక్టరీలోనే వచ్చిందా, తర్వాత వేయించిందా రాయండి. తర్వాత వేయించిందైతే రాడ్‌తో చూసుకునేదాకా ఒక్క తూటా కూడా కాల్చొద్దు.