"లిటిల్" ముందు "ఎ" ఉందా, లేదా?

చిరంజీవి అమ్మడికి,

ఆశీస్సులు. ఆఫీసులో "లిటిల్" దగ్గర తడబడుతున్నానని రాశావు. ముందు దాని పక్కనుండే "ఎ" మీద దృష్టి పెట్టు. తెలుగులో అలాంటి ముక్క లేదు కనక తెలియకుండానే వదిలేస్తాం, అర్థం తలకిందులవుతుంది. కాస్త పనుంది, తర్వాత వస్తానని చెప్పబోయి "ఐ హావ్ లిటిల్ వర్క్" అన్నావనుకో, ఎదుటివాళ్లకి వినపడేది "నాకు పెద్దగా పనేం లేదు" అని.

అందుకే నోరు విప్పేముందు ఆ వాక్యం తెలుగులో ఎలా ముగుస్తుందో చూసుకో. "కొంచెం ఉంది" అనేదైతే "ఎ లిటిల్". "పెద్దగా లేదు" అనేదైతే ఒట్టి "లిటిల్". ఒట్టి "లిటిల్" కొంచెం పుస్తకాల భాష కూడాను. మాటల్లో "నాట్ మచ్" అనెయ్, సహజంగా ఉంటుంది, పొరపాటుకీ చోటుండదు.

ఇదంతా డబ్బు, నీళ్లు, సమయం లాంటివాటికి. లెక్కపెట్టేవైతే "ఫ్యూ", "ఎ ఫ్యూ" వాడాలి: ఎ లిటిల్ మనీ, ఎ ఫ్యూ రుపీస్. అక్కడా "ఎ" చేసే పని అదే. "క్వైట్ ఎ ఫ్యూ" అంటే మాత్రం చాలానే అని అర్థం, అది విడిగా గుర్తుపెట్టుకోవలసిందే.

ఇక "స్మాల్"కీ దీనికీ తేడా. "స్మాల్" కొలత చెప్పి ఊరుకుంటుంది. చొక్కా సైజుకీ, గది వైశాల్యానికీ అదే సరి. "ద రూమ్ ఈజ్ లిటిల్" అంటే ఎబ్బెట్టుగా ఉంటుంది, "ద రూమ్ ఈజ్ స్మాల్" అనాలి. "లిటిల్"లో మనసు కూడా కలుస్తుంది. "లవ్లీ లిటిల్ హౌస్" అంటే బుజ్జి ఇల్లు, ముచ్చటేస్తోందని. ఆరడుగుల తమ్ముడైనా "లిటిల్ బ్రదరే", ఎందుకంటే అక్కడ అది వయసు మాట.

ఆ ముద్దే పెద్దవాళ్ల విషయంలో చులకనగా మారుతుంది. "యువర్ లిటిల్ బిజినెస్" అంటే అవతలివాళ్ల వ్యాపారాన్ని తీసిపారేసినట్టు వినిపిస్తుంది. క్లయింట్లతో ఆ మాట రానివ్వకు, "స్మాల్ బిజినెస్" అంటే ఏ తప్పూ లేదు.

సెలవు మెయిల్లో "లిటిల్ ఫీవర్" అని రాయకు. "ఎ స్లైట్ ఫీవర్" అని రాయి. ఒంట్లో తేలికపడ్డాక "ఎ లిటిల్ బెటర్" అనొచ్చు, అక్కడ కూడా "ఎ" వదలొద్దు.

ఇట్లు,
పెద్దమ్మ