తక్కువ కరెంటుతో హోమ్ థియేటర్ పీసీ: చూడని ఇరవై గంటల లెక్క ముందు చూసుకోండి

మీరు అడిగింది: విజయవాడ పటమటలో ఫ్లాట్, హాల్లో 55 అంగుళాల 4కె టీవీ, దానికి తగిలించిన పాత ఐ5 డెస్క్‌టాప్ రాత్రీ పగలూ ఆన్‌లోనే ఉంటోంది, బిల్లు పై శ్లాబులోకి ఎక్కుతోంది, దీని బదులు ఏం పెట్టాలి అని.

ముందు లెక్క చూద్దాం. గ్రాఫిక్స్ కార్డున్న పాత డెస్క్‌టాప్ ఏ పనీ లేకుండా ఊరికే ఉన్నా 50-60 వాట్లు లాగుతుంది. 55 అనుకుంటే రోజుకు 1.32 యూనిట్లు, నెలకు దాదాపు 40. ఇంటెల్ ఎన్100 చిప్ ఉన్న మినీ పీసీ (చిన్న డబ్బా అంత కంప్యూటర్) సినిమా ఆడేటప్పుడు 12 వాట్ల దగ్గర, స్లీప్‌లో ఒకటిన్నర దగ్గర ఉంటుంది. రోజుకు 4 గంటలు చూసి మిగతా 20 గంటలు స్లీప్‌లో పెడితే నెలకు రెండున్నర యూనిట్ల లోపే. అదే బాక్సును స్లీప్ లేకుండా 8 వాట్ల మీద వదిలేశారో, ఆరు యూనిట్లు దాటుతుంది. శ్లాబుల్లో చివర వచ్చే యూనిట్లే ఖరీదైనవి కాబట్టి మీకు తగ్గే 37 యూనిట్లూ పై రేటులోంచే తగ్గుతాయి.

ఏది కొనాలన్నదానికి నా జవాబు ఒక్కటే: వీడియోను చిప్‌లోని హార్డ్‌వేర్ డీకోడర్ (కుదించిన వీడియోను విప్పడానికే ఉన్న ప్రత్యేక భాగం) విప్పాలి, ప్రాసెసర్ కోర్లు కాదు. వీడియోను కుదించే పద్ధతులైన 10-బిట్ హెచ్‌ఈవీసీ, వీపీ9, ఏవీ1 మూడింటినీ ఎన్100 హార్డ్‌వేర్‌లోనే విప్పుతుంది. 8 జీబీ ర్యామ్, 128 జీబీ ఎస్‌ఎస్‌డీ చాలు. సెకండ్ హ్యాండ్‌లో ఆఫీసుల నుంచి వచ్చే బుల్లి డెస్క్‌టాప్‌లు చవగ్గా దొరుకుతాయి. వాటిలో ఇంటెల్ 6వ తరం ప్రాసెసర్ ఉన్నది మాత్రం తీసుకోకండి, 10-బిట్ హెచ్‌ఈవీసీకి అది చేతులెత్తేస్తుంది. 8వ తరం 'టి' రకం (తక్కువ కరెంటు ప్రాసెసర్), ఉదాహరణకు ఐ5-8500టి, బాగానే ఆడుతుంది, ఏవీ1 ఒక్కటే రాదు. వీటిలో చాలావాటికి హెచ్‌డీఎమ్‌ఐ పోర్టు పాత 1.4 రకం, 4కె 30 హెర్ట్జ్ దగ్గరే ఆగిపోతుంది. అప్పుడు డిస్‌ప్లేపోర్ట్ నుంచి హెచ్‌డీఎమ్‌ఐ 2.0కి మార్చే యాక్టివ్ అడాప్టర్ (లోపల సిగ్నల్ మార్చే చిప్ ఉన్నది) కావాలి. కొనేముందు షాపులోనే 4కె టీవీకి తగిలించి 60 హెర్ట్జ్ వస్తోందో లేదో చూపించమనండి.

సినిమాలు హార్డ్ డిస్క్‌లోంచి చూసేవారైతే లిబ్రెఎలెక్ వేసుకోండి. అది కోడి అనే సినిమా ప్లేయర్ ఒక్కటే నడిపే చిన్న లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్, ఎన్100కి జెనరిక్ ఇమేజ్ (ఇన్‌స్టాల్ ఫైలు) సరిపోతుంది. సినిమా ఆడుతుండగా కీబోర్డు మీద 'ఓ' నొక్కితే డీకోడర్ వివరాలు తెర మీదకు వస్తాయి. అక్కడ 'వీఏఏపీఐ', పక్కన 'హెచ్‌డబ్ల్యూ' (హార్డ్‌వేర్) కనిపిస్తే సరే. 'ఎస్‌డబ్ల్యూ' (సాఫ్ట్‌వేర్) అని ఉంటే కోర్లన్నీ చెమటోడుస్తున్నట్టు. వాట్లు రెట్టింపు దాటతాయి, ఫ్యాన్ మోత వినిపిస్తుంది, 4కె అయితే బొమ్మ కూడా తడబడుతుంది. ప్లేయర్ సెట్టింగుల్లో హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ ఆన్ అయి ఉందో చూడండి. అక్కడే 'అడ్జస్ట్ డిస్‌ప్లే రిఫ్రెష్ రేట్'ను 'ఆన్ స్టార్ట్/స్టాప్'లో పెడితే 24 ఫ్రేముల సినిమాలో కెమెరా పక్కకు తిరిగేటప్పుడు వచ్చే కుదుపు పోతుంది.

ఓటీటీ కోసం మాత్రం ఈ పీసీని నమ్ముకోవద్దు. కాపీ రక్షణ నిబంధనల వల్ల లినక్స్‌లో నెట్‌ఫ్లిక్స్ లాంటివి 4కె ఇవ్వవు. మీ టీవీలోనే ఆ యాప్‌లు ఉంటే అక్కడే చూడండి, ఆ సేపు పీసీ నిద్రపోనివ్వండి.

ఇక మన వేడి. మే నెలలో ఏసీ లేని హాలు 38 డిగ్రీలుంటే, అద్దాల తలుపులు మూసిన షోకేసు లోపల 45 దాటుతుంది. చాలామంది మినీ పీసీని సెట్‌టాప్ బాక్సు నెత్తిన పెడతారు, ఆ బాక్సే వెచ్చగా ఉంటుంది. పక్కన విడిగా, చుట్టూ నాలుగు వేళ్ల వెడల్పు ఖాళీతో పెట్టండి, వెనక చెక్కకు వైర్లు పోయే రంధ్రాన్ని పెద్దది చేయించండి. బయాస్‌లో (పీసీ ఆన్ కాగానే తెరవగలిగే మూల సెట్టింగుల్లో) 'పవర్ లిమిట్ 1' అని, చిప్ ఎడతెగకుండా వాడగల వాట్ల పరిమితి ఉంటుంది. ఎన్100 అసలు రేటింగ్ 6 వాట్లే అయినా కొందరు తయారీదార్లు 15, 20 దాకా వదిలేస్తారు. దాన్ని 10కి దించండి. వీడియో విప్పేది వేరే బ్లాకు కాబట్టి సినిమాలో తేడా తెలియదు, వేడి మాత్రం తగ్గుతుంది.

స్లీప్ ఎక్కువగా చెడేది రిమోట్ దగ్గరే. మినీ పీసీల్లో చాలావాటికి టీవీ రిమోట్‌తో నడిచే సీఈసీ ఉండదు, కాబట్టి 2.4 గిగాహెర్ట్జ్ యూఎస్‌బీ రిమోట్ తీసుకోవాలి. దాని డాంగిల్‌ను (యూఎస్‌బీలో గుచ్చే చిన్న రిసీవర్‌ను) నీలం రంగు యూఎస్‌బీ 3.0 పోర్టులో, హార్డ్ డిస్క్ పక్కనే గుచ్చితే బటన్లు ఒకసారి పనిచేసి ఒకసారి చేయవు. యూఎస్‌బీ 3.0 నుంచి వచ్చే రేడియో రొద సరిగ్గా ఆ 2.4 బ్యాండ్ మీదే పడుతుంది. బ్యాటరీలు మార్చి లాభం లేదు. యూఎస్‌బీ 2.0 పోర్టులో అడుగు పొడవు ఎక్స్‌టెన్షన్ వేసి డాంగిల్‌ను షోకేసు ముందుకు తెచ్చి పెట్టండి. బయాస్‌లో యూఎస్‌బీ వేక్ (రిమోట్‌తో పీసీని లేపేది) ఆన్, ఇఆర్‌పీ (ఆపి ఉన్నప్పుడు పోర్టులకు కరెంటు కోసేది) ఆఫ్ ఉండాలి. లేకపోతే రిమోట్‌తో లేవదు, చివరికి ఇంట్లోవాళ్లు విసిగి స్లీపే వద్దంటారు. కోడి పవర్ సేవింగ్‌లో షట్‌డౌన్ ఫంక్షన్‌ను 'సస్పెండ్'కి (అంటే స్లీప్‌కి) మార్చి టైమర్ 20 నిమిషాలు పెట్టండి.

డిస్కు విషయానికొస్తే, 3.5 అంగుళాలది తిరుగుతున్నంతసేపూ 5-6 వాట్లు తింటుంది, మొత్తం పీసీ ఖర్చులో సగం. 2.5 అంగుళాల యూఎస్‌బీ డిస్కు ఒకటి రెండు వాట్లతో సరిపెడుతుంది. 'అప్‌డేట్ లైబ్రరీ ఆన్ స్టార్టప్' ఆపేయండి, లేకపోతే లేచిన ప్రతిసారీ డిస్కును వెతుకుతుంది.

కరెంటు పోయినప్పుడు పనికొస్తుందని రౌటర్ మినీ యూపీఎస్ తగిలిస్తారు. మీ అడాప్టర్ మీద 12 వోల్టులు 3 ఆంపియర్లు అని ఉంటే యూపీఎస్ కూడా 3 ఇవ్వాలి. 2 ఆంపియర్లదైతే బూట్ అయ్యే క్షణంలో చాలక పీసీ మళ్లీ మళ్లీ రీస్టార్ట్ అవుతుంది. 19 వోల్టుల అడాప్టరైతే అసలు తగిలించొద్దు. పిన్ను కూడా చూసుకోండి: 5.5×2.1, 5.5×2.5 మిల్లీమీటర్లు బయటినుంచి ఒకేలా కనిపిస్తాయి, 2.1 సాకెట్లో 2.5 ప్లగ్గు వదులుగా కూర్చుని ఎవరైనా షోకేసు తలుపు వేసినా ఆగిపోతుంది.

ఇంత చేశాక మిగిలే పెద్ద ఖర్చు టీవీదే. 110 వాట్ల టీవీ 4 గంటలకు నెలకు 13 యూనిట్లు, పీసీకి అయిదు రెట్లు. 'వివిడ్' మోడ్ తీసి సినిమా మోడ్‌లో పెట్టి, బ్యాక్‌లైట్‌ను రాత్రి వెలుతురుకు సరిపడా దించండి. పాత ఏవీ రిసీవర్ (స్పీకర్లను నడిపే ఆంప్లిఫైయర్) ఉంటే ప్లగ్ మీటర్ పెట్టి చూడండి, శబ్దం లేకపోయినా 40 వాట్లు లాగేవి ఉన్నాయి. మాటలు స్పష్టంగా వినిపిస్తే చాలనుకుంటే టీవీ ఏఆర్‌సీ పోర్టులో (శబ్దాన్ని బయటికి పంపే హెచ్‌డీఎమ్‌ఐలో) చిన్న సౌండ్‌బార్ పెట్టుకోండి.